వేసవి టైర్లతో చలికొండకు

మన ప్రాంతంలో ‘వేసవి టైరు’ అనే మాట ఎవరి నోటా వినబడదు. టైరు అంటే టైరే. ఖమ్మంలో కొన్నా, కొత్తగూడెంలో కొన్నా సైజు ఎంత, ధర ఎంత, ఎన్నాళ్ళు వస్తుంది అని అడుగుతారు గాని, ఇది ఏ కాలానికి చేసిన టైరు అని అడిగినవారిని మేము చూడలేదు. అడగవలసిన పని మనకు పడలేదు కూడా. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండే. మే నెలలో కొత్తగూడెం గనుల దగ్గర నడిస్తే చెప్పుల అడుగున తారు మెత్తగా తగులుతుంది. ఆ వేడికి తట్టుకునేదే మనకు మంచి టైరు.

చలిదేశాలలో అలా కాదు. అక్కడ చాలా ఇండ్లలో ఒకే కారుకు రెండు సెట్ల టైర్లు ఉంటాయి. ఎండాకాలంలో ఒక సెట్టు, మంచుకాలంలో ఇంకొక సెట్టు. మన దుకాణాలలో దొరికే మామూలు టైర్లలో ఎక్కువ భాగం వారు వేసవి టైర్లు అని పిలిచే జాతివే. ఆ సంగతి తెలియకుండానే మనమంతా వేసవి టైర్ల మీద తిరుగుతున్నాము.

తిరిగితే నష్టమేమిటి, మనకు మంచు పడదు గదా అని ప్రియ పాఠకులు అడగవచ్చు. మేమూ అలాగే అనుకునేవారము. 2026 జనవరిలో రెండు కుటుంబాలవారము కలిసి ఖమ్మం నుండి భద్రాచలం, చింతూరు, సీలేరు మీదుగా లంబసింగి దాకా జీపులో వెళ్ళివచ్చాము. తెలుగు నేలమీద అతి వేడి చోట్లలో పేరున్న బొగ్గుగనుల ప్రాంతం నుండి, అతి చలి చోటుగా పేరున్న కొండ మీదికి ఒకే దారి. ఆ దారి పొడవునా మేము చెట్లను, కొండలను, నదులను చూసినంతగా జీపు చక్రాలను కూడా చూడవలసి వచ్చింది. మా డ్రైవరు అలాంటి మనిషి.

తెల్లవారుజామున ఖమ్మం వదిలాము. వైరా దాటి తల్లాడ చేరేసరికి పొగమంచు పొలాల మీద తెల్లదుప్పటిలా పరచుకొని ఉంది. ఏన్కూరు, జూలూరుపాడు వైపు రోడ్డు పక్కన మిర్చి కల్లాలు, అక్కడక్కడ తారు మీదనే ఆరబోసిన ధాన్యం. ధాన్యం ఎత్తిన తరువాత మిగిలిన గడ్డి, తాలు రోడ్డు మీద చదునుగా అంటుకొని ఉంటాయి. పగటిపూట అది ఏమీ చేయదు. మంచుకు తడిసిన గడ్డి మీద మోటారు సైకిలు బ్రేకు వేస్తే మాత్రం బండి ఒకవైపు, మనిషి ఒకవైపు. మా ముందు పాలడబ్బాలు కట్టుకొని వెళ్తున్న ఒక పెద్దాయన అలాంటి చోట రెండు కాళ్ళూ కిందికి దించి, నేలను రాసుకుంటూ దాటాడు. “ఆయనకు తెలుసు” అన్నాడు మా డ్రైవరు.

కొత్తగూడెం దాటి పాల్వంచ వైపు వెళ్తుంటే బొగ్గు లారీలు మొదలవుతాయి. పాల్వంచ తరువాత అడవి. టేకు, మద్ది, ఇప్ప, తునికి. నడుమ నడుమ నరికి మళ్ళీ నాటిన జామాయిల్ తోటలు. ఆ జామాయిల్ కర్ర లారీలకెత్తుకొని సారపాక కాగితం మిల్లుకు పోతుంది. లారీల నుండి ఊడిపడిన బెరడు పేలికలు పేలికలుగా రోడ్డంతా పడి ఉంటుంది. దాని మీద బొగ్గుపొడి, దాని మీద రాత్రి కురిసిన మంచు. చూడటానికి మామూలు తారురోడ్డే. కాలితో రాస్తే సబ్బు రాసిన బండలాగా జారుతుంది.

ఇక్కడ డ్రైవరు చెప్పిన ఒక సంగతి మాకు కొత్తగా తోచింది. “ఎండిపోయిన రోడ్డు మీద గుండు టైరు కూడ మంచిగనే పట్టుకుంటది అయ్యగారూ. గందుకే మనోళ్ళు మోసపోతరు” అన్నాడు. ఆ మాట నిజమే. పందెపు కార్లకు ఎండరోజున గాట్లు లేని నున్నటి టైర్లే వేస్తారు. రబ్బరు ఎంత ఎక్కువగా నేలను తాకితే అంత పట్టు. టైరు మీది గాట్లు ఉన్నది ప్రధానంగా నీటిని పక్కకు తోయడానికి. నీరు పోవడానికి దారి లేకపోతే అది టైరుకూ రోడ్డుకూ మధ్య పొరలా నిలుస్తుంది, చక్రం ఆ పొర మీద తేలుతుంది. గనుక బటన్లు అరిగిన టైరు ఫిబ్రవరి నుండి మే దాకా ఎవరికీ తన లోపం చూపదు. మొదటి వానకో, మొదటి మంచు ఉదయానికో బయటపడుతుంది. అప్పటికి బండిలో పదిమంది ఉంటారు.

సారపాక దాటగానే గోదావరి. 1965లో వంతెన పూర్తి అయ్యేదాకా ఇక్కడ నదిని పడవల మీద దాటేవారు. ఇప్పుడు దాని పక్కన రెండవ వంతెన కూడా వచ్చింది. భద్రాచలం తాలూకా 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ ఏడు ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరున చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలతోపాటు, పట్టణం తప్ప భద్రాచలం మండలం మిగతా భాగం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయింది. అందువలన పట్టణం దాటి కొద్దిదూరం పోగానే రాష్ట్రం మారుతుంది. అడవి మారదు. ఇరువైపులా అవే కోయ గూడేలు, అవే ఇప్పచెట్లు, మనుషులు ఎక్కి వేలాడే అవే జీపులు.

భద్రాచలంలో టిఫిను అయ్యాక డ్రైవరు మమ్ములను ఒక పంక్చరు షాపు దగ్గర దింపాడు. “ఘాటు ఎక్కే ముందు ఒకసారి చూపిద్దాం” అన్నాడు. పిల్లలు విసుక్కున్నారు. మాకూ అరగంట దండుగ అనిపించింది గాని, ఆ అరగంటలో నేర్చుకున్నది ఈ ప్రయాణం అంతటిలో ఎక్కువ పనికివచ్చింది.

షాపు యజమాని వయసు మళ్ళినవాడు. టైరు గాట్ల లోపల వేలు పెట్టి చూడమన్నాడు. గాటు అడుగున అడ్డంగా చిన్న దిమ్మెలు తగిలాయి. టైరు అరిగి అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే దాని ఆయుష్షు తీరినట్టు. ఆ దిమ్మె ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కార్లు, జీపులు, బస్సులు, లారీలకు గాటు లోతు అంతకంటె తగ్గకూడదు. మోటారు సైకిళ్ళకు, ఆటోలకు 0.8 మిల్లీమీటరు. దిమ్మె ఎక్కడుందో వెదకనవసరం లేకుండా టైరు అంచున చిన్న త్రికోణం గుర్తో, టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలో ఉంటాయి. ఆ గుర్తుకు ఎదురుగా చూస్తే దిమ్మె దొరుకుతుంది. ఇంతకాలం బండ్లు ఎక్కి దిగుతున్నాము గాని, టైరు తన వయసు తానే చెప్పుకుంటుందని మా పక్కన నిలబడిన పెద్దవారికి కూడా తెలియదు.

వయసు అంటే నిజంగా వయసే. టైరు పక్కభాగాన కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. మా జీపు నాలుగు చక్రాలలో మూడు బాగున్నాయి. నాలుగవదానికి గాట్లు నిండుగా ఉన్నాయి గాని, అంకెలు చూస్తే ఏడేండ్ల కిందటిది. యజమాని దాని పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కి చూపాడు. సన్నసన్నని పగుళ్ళు, బీటలువారిన చెరువు అడుగులాగా. “స్టెప్నీగా పడి ఉండి ఉంటది. నడవలే గనుక అరగలే. ఎండకు ఎండి గట్టిపడ్డది. గోరు దిగుతలేదు చూడండి” అన్నాడు. పక్కనే కొత్త టైరు మీద గోరు గుచ్చితే ముద్ర పడింది. పాతదాని మీద పడలేదు.

చలి రబ్బరును గట్టిపరుస్తుందని చదువుకున్నవారికి తెలుసు. మన ఎండ కూడా ఏళ్ళ తరబడి అదే పని చేస్తుంది. చలిదేశంలో ఒక్క రాత్రిలో జరిగేది మన దగ్గర ఐదారేండ్లలో జరుగుతుంది. తేడా ఒక్కటే, అక్కడ తెల్లవారి ఎండ వస్తే రబ్బరు మళ్ళీ మెత్తబడుతుంది. ఎండకు పాడైనది మళ్ళీ మెత్తబడదు. డ్రైవరు ఆ టైరు తీయించి వేరేది వేయించాడు. బేరం పావుగంట నడిచింది. దాని వివరం ఇక్కడ అక్కరలేదు.

నెల్లిపాక దాటి చింతూరు చేరేసరికి మధ్యాహ్నం. శబరి నది నీరు జనవరిలో అద్దంలా ఉంటుంది. చింతూరు తరువాత ఒక దారి మారేడుమిల్లి ఘాటు మీదుగా రాజమండ్రి వైపు పోతుంది. ఇంకొకటి మోతుగూడెం, డొంకరాయి మీదుగా సీలేరు వైపు. మారేడుమిల్లి ఘాటు పేరు వినగానే జీపులో ఉన్నవారమంతా కాసేపు మాటలాడలేదు. 2025 డిసెంబరు 12న తెల్లవారుజామున ఆ ఘాటులోనే యాత్రికుల బస్సు ఒకటి మలుపు దగ్గర లోయలో పడింది. వారు చిత్తూరు జిల్లా నుండి వచ్చి, భద్రాచలం చూసుకొని అన్నవరం వెళ్తున్నారు. తొమ్మిదిమంది చనిపోయారు. ఆ ప్రమాదానికి టైర్లు కారణమని మేము అనడం లేదు. కాని మన సమతల ప్రాంతాల నుండి వచ్చే బండ్లు, మన ఊరి రోడ్లకు అలవాటుపడిన చేతులు, చీకటిలో ఆ చలికాలపు కొండలలోకి ఎలా వెళ్తున్నాయో ఆలోచించకుండా ఆ దారి తిరుగు మలుపు దాటలేము.

మా డ్రైవరు రాత్రి ఘాటు ఎక్కనన్నాడు. బతిమాలినా వినలేదు. గనుక ఆ రాత్రి మోతుగూడెంలో విద్యుత్ కేంద్రపు ఉద్యోగి అయిన మా బంధువుల ఇంట్లో ఉన్నాము. సీలేరు నది నీటితో నడిచే ఆ కరెంటు కేంద్రాల సంగతి, ఆ క్వార్టర్లలో పెరిగిన పిల్లల సంగతి ఒక పెద్ద వ్యాసానికి సరిపోతుంది, అది మరొకసారి. మా వదినగారు వేడినీళ్ళు కాచి ఇచ్చి, “ఇక్కడిదేం చలి అన్నయ్యా, పైకి పోతే కదా తెలిసేది” అన్నారు.

మరునాడు ఉదయం బయలుదేరేముందు డ్రైవరు గాలి కొలిచాడు. కిందటి రోజు మధ్యాహ్నం భద్రాచలంలో 30 పెట్టించాము. తెల్లవారి 28 చూపింది. గాలి కారిందేమోనని మేము కంగారుపడ్డాము. కారలేదు. చల్లబడిన గాలి ముడుచుకుంటుంది. పది డిగ్రీల చలి పెరిగితే ఒకటిన్నర పౌండ్ల దాకా తగ్గుతుందని లెక్క. 30 డిగ్రీల ఎండలో నింపుకొని 5 డిగ్రీల కొండ మీదికి పోతే దాదాపు 4 పౌండ్లు తక్కువ. గాలి తగ్గిన టైరు అంచులు నేలకు ఆని, నడుమ భాగం లోపలికి పోతుంది, గాట్లు మూసుకుంటాయి, మలుపులో బండి బరువు పక్కకు ఒరుగుతుంది. అందుకే గాలి ఎప్పుడూ బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. పరుగెత్తిన టైరు వేడెక్కి తప్పుడు లెక్క చూపుతుంది.

డొంకరాయి నుండి సీలేరు, అక్కడినుండి ధారకొండ, గూడెం కొత్తవీధి మీదుగా చింతపల్లి. ఈ దారి వర్ణించడానికి మా దగ్గర మాటలు చాలవు. ఒకవైపు ఒడిశా కొండలు, మరొకవైపు మన కొండలు, నడుమ నది. చింతపల్లి పోలీసు స్టేషను మీద 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం దాడిచేసి తుపాకులు పట్టుకుపోయింది. ఆ రోజులలో ఈ కొండలలో గూడేలవారిచేత చాలీచాలని కూలికి రోడ్లు వేయించేవారు. తిరుగుబాటుకు అదీ ఒక కారణం. మనం హాయిగా కూర్చొని వెళ్ళే ఘాటు రోడ్డు ఎవరి వీపుల మీద మొదలైనదో పిల్లలకు చెప్పాము. వారు విన్నారో లేదో గాని, చెప్పాము.

లంబసింగి దగ్గర తెల్లవారకముందే లేచాము. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. దీనినే కొర్రబయలు అని కూడా అంటారు. ఆరుబయట పడుకున్నవాడు తెల్లవారేసరికి కొర్రలా, అంటే కట్టెలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని చెబుతారు. డిసెంబరు, జనవరి నెలలలో ఇక్కడ పది డిగ్రీల లోపు మామూలే. కొన్ని ఏండ్లలో సున్నాకు దగ్గరగా దిగి, గడ్డి మీది మంచుబిందువులు తెల్లగా గడ్డకడతాయి. ఆ ఉదయం టీకొట్టు గోడకు తగిలించిన ఉష్ణమాపకం 6 చూపింది. మాతో తెచ్చుకున్న కొబ్బరినూనె సీసాలో తెల్లగా పేరుకొని, తలకిందులు చేసినా జారలేదు.

పిల్లలలో ఒకడు ఆ సీసా పట్టుకొని, “టైరు కూడా ఇలాగే అవుతుందా?” అని అడిగాడు. పేరుకోవడం కాదు గాని, అడగవలసిన ప్రశ్నే. కొబ్బరినూనె ఇరవైనాలుగు డిగ్రీల దగ్గర్లో పేరుకున్నట్టే, ప్రతి రబ్బరు మిశ్రమానికీ తనకు సరిపడే వేడి అంటూ ఒకటి ఉంటుంది. వేసవి టైరు రబ్బరు 7 డిగ్రీల కంటె తగ్గితే బిరుసెక్కడం మొదలవుతుందని టైర్ల తయారీదారులు చెబుతారు. రోడ్డు కంటికి నున్నగా కనబడుతుంది గాని దానికి వేలకొలది చిన్న చిన్న గరుకులు ఉంటాయి. మెత్తని రబ్బరు ఆ గరుకులలోకి దిగి పట్టుకుంటుంది. బిరుసైన రబ్బరు వాటి తలల మీద జారిపోతుంది. మంచు పడనవసరం లేదు, తడి ఉండనవసరం కూడా లేదు. చలి చాలు.

రబ్బరుకూ వాతావరణానికీ మధ్య ఈ తగవు పాతది. పచ్చి రబ్బరుతో అమెరికాలో 1830ల కాలంలో బూట్లు, కోట్లు చేసి అమ్మితే ఎండాకాలంలో అవి జిగురుగా కరిగి కంపుకొట్టేవి, చలికాలంలో పెళుసై పగిలేవి. చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన అప్పులపాలై, జైలుకు కూడా వెళ్ళి, చివరకు 1839లో రబ్బరులో గంధకం కలిపి కాస్తే అది రెండు కాలాలకూ తట్టుకుంటుందని కనిపెట్టాడు. అయినా తగవు పూర్తిగా తీరలేదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ అనే అమెరికా అంతరిక్ష నౌక ఆకాశంలో పేలిపోయి అందులోని ఏడుగురూ మరణించారు. రాకెట్టు అతుకుల మధ్య ఉన్న రబ్బరు వలయాలు ఆ ఉదయపు చలికి బిగుసుకొని, వేడివాయువును ఆపలేకపోయాయి. రిచర్డ్ ఫైన్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు విచారణ సభలో అందరి ముందు ఆ రబ్బరు ముక్కను బిగించి మంచునీళ్ళ గ్లాసులో ముంచి తీశాడు. బిగింపు వదిలినా రబ్బరు వెంటనే తన ఆకారానికి రాలేదు. అంతటి దేశంలో, అంతటి చదువులవారి మధ్య, ఒక గ్లాసు చల్లనీళ్ళు చెప్పిన సంగతి అది.

చలికాలపు టైరును 1934లో ఫిన్లాండు దేశంలోని ఒక రబ్బరు కంపెనీ మొదట లారీల కోసం తయారుచేసింది. దాని రబ్బరు చలిలో కూడా మెత్తగా ఉంటుంది. పైన కత్తితో గీసినట్టు సన్నని చీలికలు వందలకొద్దీ ఉండి, మంచును కొరికి పట్టుకుంటాయి. జర్మనీలో మంచు పడిన రోడ్డు మీదికి అలాంటి టైర్లు లేకుండా బండి తీయరాదు. కెనడాలోని క్వెబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఆ టైరు పక్కభాగాన ఒక బొమ్మ ఉంటుంది: మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచుపువ్వు. చదువు రానివారు కూడా గుర్తుపట్టగల బొమ్మ.

లంబసింగి నుండి దిగేటప్పుడు డ్రైవరు ఎక్కిన గేరులోనే దించాడు. బ్రేకు మీద కాలు గట్టిగా పెట్టలేదు. పర్యాటకుల కార్లు హారన్లు మోగిస్తూ మమ్ములను దాటిపోయాయి. ఒక మలుపులో రెండు కార్లు ఒకదానికొకటి ఆనుకొని ఆగి ఉన్నాయి. ఎవరికీ దెబ్బలు తగలలేదు గాని, ఆడవారు రోడ్డు పక్కన వణుకుతూ నిలబడి ఉన్నారు. మా డ్రైవరు దిగి, వెనుక కారు టైరు మీద చెయ్యి పెట్టి చూసి, ఏమీ అనకుండా తిరిగివచ్చాడు.

మన వైపు సంగతికి వద్దాము. డిసెంబరు నెల వస్తే మన గ్రామాలలో రాత్రి ప్రయాణాలు పెరుగుతాయి. క్రిస్మస్ పాటలవారు, కూటములకు వెళ్ళేవారు, 31 రాత్రి ఆరాధనకు అడవి గూడేల నుండి పట్టణానికి వచ్చేవారు. ఒక్క ట్రాలీలో ఇరవైమంది, ఒక్క ఆటోలో పన్నెండుమంది. ఆరాధన ముగిసేసరికి రాత్రి ఒంటిగంట, మంచు నిండుగా కురిసే వేళ. ఆ బండ్లలో చాలావాటికి టైర్లు ఎప్పుడో గుండు అయినవి. యజమాని చెడ్డవాడు అని కాదు. అద్దె కిరాయిలు ఎంత వస్తాయో, కొత్త టైరు ఎంతో మనకు తెలిసినదే. కాని కిరాయి మాట్లాడేటప్పుడు పది రూపాయలు తగ్గించమని అరగంట వాదించే మనం, ఒకసారి వంగి ఆ గాటులో వేలు పెట్టి చూడటానికి అర నిమిషం వెచ్చించము. తల్లులారా, పిల్లలను ఎక్కించే ముందు మీరే చూడండి, సిగ్గుపడకండి. డ్రైవరు నవ్వితే నవ్వనివ్వండి.

తిరుగు ప్రయాణంలో పాల్వంచలో మాకు బాగా కావలసిన కుటుంబం ఇంట భోజనానికి ఆగాము. ఇంటాయన కరెంటు కేంద్రంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. కొడుకు అమెరికాలో ఉద్యోగం. మేము టైర్ల సంగతి చెప్పగానే ఆమె వంటగదిలో నుండి వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. ఆ అబ్బాయి మొదట టెక్సాస్‌లో చదువుకున్నాడు, అదీ మనలాంటి ఎండప్రాంతమే. అక్కడే పాత కారు కొన్నాడు. తరువాత మిషిగన్‌లో ఉద్యోగం వస్తే ఆ కారు మీదనే వెళ్ళాడు. నవంబరులో మొదటి మంచు పడిన ఉదయం ఒక వంతెన మీద కారు తనంతట తాను గిర్రున తిరిగి, కమ్మీలకు తగిలి ఆగింది. అబ్బాయికి ఏమీ కాలేదు. కారుకున్నవి వేసవి టైర్లని అప్పుడు బాగుచేసేవాడు చెబితేనే తెలిసిందట.

వంతెన మీదనే ఎందుకని వారు అడిగారు. నేలమీది రోడ్డుకు కింద మట్టి వెచ్చదనం ఉంటుంది. వంతెనకు కింద కూడా చల్లగాలే, గనుక ముందు అక్కడే గడ్డకడుతుంది. ఆ సంగతి హెచ్చరించే పలకలు ఆ దేశపు వంతెనల దగ్గర పెట్టి ఉంటాయి. ఆ గడ్డ పలుచగా, అద్దంలా ఉండి, తడిసిన తారులాగానే కనబడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు ఎండిన తారు మీద బ్రేకు వేస్తే సుమారు 14 మీటర్లలో ఆగుతుందనుకుంటే, అలాంటి గడ్డ మీద లెక్క ప్రకారం వంద మీటర్ల దాకా పోతుంది. మన బడి ఆవరణ ఒక చివర నుండి రెండవ చివర దాటినంత దూరం.

ఇందులో మన భాష కూడా కొంత అడ్డుపడుతుందని మాకు తోచింది. పొలం మీద కురిసేదీ మంచే, కొండను కమ్మేదీ మంచే, ఆకాశం నుండి దూదిలా రాలేదీ మంచే, రోడ్డు మీద రాయిలా గడ్డకట్టేదీ మంచే. కొడుకు ఫోనులో “ఇక్కడ మంచు పడుతుందమ్మా” అంటే ఆ తల్లికి మొండికుంట అడవిలో తెల్లవారుజామున కనబడే పొగే కళ్ళముందు మెదిలింది. “స్వెట్టరు వేసుకో నాయనా” అని చెప్పి ఊరుకున్నారు. మన గ్రామాల నుండి ఎందరో పిల్లలు ఇప్పుడు ఆ చలిదేశాలలో ఉన్నారు. ఊరగాయలు పంపుతాము, రగ్గులు పంపుతాము. అక్కడికి వెళ్ళినవాడు మొదటి ఏడు పాత కారే కొంటాడు, దాని టైర్ల గురించి ఇక్కడ ఎవరికీ తెలియదు, అక్కడ ఎవరినీ అడగడు.

భోజనం అయ్యాక వారు అబ్బాయికి ఫోను కలిపారు. ఆమె చేతిలోకి తీసుకొని, మేము చెప్పినట్టే అడిగారు. “నాయనా, నీ కారు టైరు పక్కన కొండ బొమ్మ ఉందా? లోపల మంచుపువ్వు ఉండాలట.” అతడు నవ్వి, కోటు వేసుకొని, ఫోను పట్టుకొని బయటికి వెళ్ళి చూపించాడు. తెల్లని నేల, నల్లని చక్రం, దాని మీద మూడు శిఖరాలు. ఆ దెబ్బ తరువాత నాలుగూ మార్పించానని చెప్పాడు. ఆమె తృప్తిగా తల ఊపి, వెంటనే ఇంకొక ప్రశ్న వేశారు. “మరి ఎండాకాలంలో వీటిని తీసి ఎక్కడ పెడతావు? ఎండకు గట్టిపడతాయట, నీడలో పెట్టు.” ఇంటి కింద నేలమాళిగ ఉందని, అక్కడ పెడతానని అబ్బాయి చెబుతుండగా డ్రైవరు బయట హారను కొట్టాడు. చీకటి పడకముందే ఏన్కూరు దాటాలని అతని పట్టుదల.